యంత్రపు నాడి నెరిగిన మేధావి: సర్ హారీ రికార్డో

బెజవాడలో బందరు రోడ్డు వెంట తూర్పుగా సాగితే పటమట దాటిన పిమ్మట వచ్చే జవహర్ ఆటోనగర్‌ను ఎరుగనివారు కృష్ణా మండలంలో అరుదు. లారీలకు బాడీ కట్టేవారు, హెడ్డు విప్పేవారు, బోరు పట్టేవారు, వైరింగు చూచేవారు అక్కడ వీధులకు వీధులే ఉన్నారు. ఆ వీధుల్లో ఉర్దూ వచ్చినవారూ రానివారూ కూడా చేయి తిరిగిన మేస్త్రీని ఉస్తాద్ అనే పిలుస్తారు. ఉస్తాద్ పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను బ్లాకుకు ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. హకీము రోగి నాడి పట్టినట్లే ఉంటుంది ఆ దృశ్యం. ఆయన వినే శబ్దాల్లో మిక్కిలి ప్రమాదకరమైనది ఒకటి ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడో, బరువు లాగేటప్పుడో లోపల చిన్న సుత్తితో ఎవరో టంగు టంగున కొట్టినట్లు వినిపించే ఆ చప్పుడును మన మేస్త్రీలు నాకింగ్ అంటారు.

నేటి పెట్రోలు కార్లలో ఆ చప్పుడును పసిగట్టడానికి సెన్సరు ఉన్నది. అయినా సెన్సరు అంతా సవ్యమేనని చెబుతూ ఉండగా పిస్టను అంచు కరిగిపోయిన ఇంజన్లు వర్కుషాపులకు వస్తూనే ఉన్నాయి. పరికరానికి వినపడని ఈ చప్పుడును ఎలా గుర్తించాలి? అసలు ఆ చప్పుడు ఏమిటి? ఈ రెండు ప్రశ్నలకూ జీవితమంతా జవాబు వెదకిన ఆంగ్ల ఇంజనీరు సర్ హారీ రాల్ఫ్ రికార్డో. తెలుగు చెప్పుకొనే మేము కవుల చరిత్ర విడిచి యంత్రజ్ఞుని చరిత్ర చెప్పబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని మా తరగతి గదుల్లో కూర్చునే పిల్లల్లో ఎందరి ఇళ్ళో రెంచీ మీద, గ్రీజు మీద గడుస్తున్నాయి. ఆ ఇళ్ళకు బాకీ ఉన్న కథ ఇది.

రికార్డో 1885 జనవరి 26న లండను నగరంలో జన్మించాడు. వారి వంశం పోర్చుగీసు మూలం గల యూదు కుటుంబం. ప్రసిద్ధ ఆర్థిక శాస్త్రజ్ఞుడు డేవిడ్ రికార్డో సోదరుని సంతతి. తండ్రి హాల్సీ రికార్డో పేరుగాంచిన వాస్తుశిల్పి. బెజవాడ మీదుగా పోయే హౌరా మెయిలు ఎక్కి కలకత్తా వెళ్ళిన మనవారందరూ హాల్సీ రికార్డో పనితనాన్ని చూచినవారే. ఎర్రని ఇటుకలతో గంభీరంగా నిలిచిన హౌరా స్టేషను కట్టడానికి రూపకల్పన ఆయనదే. మాతామహుడు సర్ అలెగ్జాండర్ రెండెల్ లండనులో ఉండి భారతదేశపు రైల్వేలకు సలహా ఇంజనీరుగా పనిచేసినవాడు. ఈ విధంగా తండ్రివైపు నుంచి రూపదృష్టి, తల్లివైపు నుంచి యంత్రదృష్టి బాలునికి సంక్రమించాయి. 1898లోనే తాత మోటారు కారు కొన్నాడు. ఇంగ్లండులో సైతం కారు వింతగా ఉన్న రోజులవి. పదమూడేళ్ళ కుర్రవాడికి ఇంతకు మించిన పాఠశాల ఏముంటుంది?

రగ్బీ పాఠశాల చదువు ముగించి 1903లో కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో చేరాడు. మరుసటి యేడు విశ్వవిద్యాలయపు ఆటోమొబైలు క్లబ్బు వింత పందెం పెట్టింది. ఒక క్వార్టు, అంటే సుమారు 1.14 లీటర్ల పెట్రోలుతో ఎవరి బండి ఎక్కువ దూరం పోతుందో వారిదే గెలుపు. రికార్డో తెచ్చిన మోటారు సైకిలు పోటీలోని బండ్లన్నింటిలోనూ బరువైనది. అయినా 40 మైళ్ళు, అనగా 64 కిలోమీటర్లు నడచి అదే గెలిచింది. వేగం కోసం అందరూ వెంపర్లాడే వయస్సులో చుక్క చమురు నుంచి ఎంత పని రాబట్టవచ్చునని ఆలోచించడం ఆయన ప్రత్యేకత. ఈ గెలుపు ఆచార్య బెర్ట్రాం హాప్కిన్సన్ దృష్టిని ఆకర్షించింది. ఆయన ప్రోత్సాహంతో రికార్డో ఇంజన్ల పరిశోధనలో కాలుపెట్టాడు.

ఇక్కడ కథను కొంత నెమ్మదిగా చెప్పవలసి ఉన్నది. ఆ రోజుల్లో ఇంజను లోపలి పీడనాన్ని కొలవడానికి ఉన్న సాధనం ఆవిరియంత్రాల నాటి ఇండికేటరు. చిన్న పిస్టను, ఒక స్ప్రింగు, దానికి తగిలించిన పెన్సిలు. పీడనం మారిన కొద్దీ పెన్సిలు కాగితం మీద గీత గీస్తుంది. నిదానంగా నడిచే ఆవిరియంత్రానికి అది చాలును. పెట్రోలు ఇంజనులో సెకనులో వెయ్యోవంతు కాలంలో జరిగిపోయే ఘటనను ఆ బరువైన పెన్సిలు అందుకోలేదు. చెవికి స్పష్టంగా వినిపించే దెబ్బ కాగితం మీద సరిగా కనిపించదు. అంటే సెన్సరుకు వినపడని నాకింగ్ అనే సమస్య సెన్సరు పుట్టకముందే పుట్టినది. హాప్కిన్సన్ పెన్సిలు తీసివేసి దాని స్థానంలో అద్దాన్ని, కాంతికిరణాన్ని పెట్టి కొత్త ఇండికేటరు నిర్మించాడు. కాంతికి బరువు లేదు గనుక అది వెనుకబడదు.

హాప్కిన్సన్ శిష్యునికి నేర్పిన మరొక విషయం ఇంతకంటె విలువైనది. అంతవరకు ఇంజను చేసే చెడు చప్పుళ్ళన్నింటినీ జనం ఒకే గాట కట్టేవారు. స్పార్కు రాకముందే లోపల ఎర్రగా కాలిన మసిముక్కో, ప్లగ్గు మొనో మిశ్రమాన్ని అంటించడం ఒక జబ్బు. స్పార్కు సకాలంలో వచ్చి, జ్వాల సరిగానే బయలుదేరిన తరువాత వచ్చే సుత్తిదెబ్బ వేరొక జబ్బు. మొదటిది రెండవదానికి, రెండవది మొదటిదానికి దారితీయవచ్చు. కాని రెండూ ఒకటి కావు. జ్వరానికీ, జ్వరం తెచ్చే కారణానికీ తేడా చూడని వైద్యుడు మందు ఇవ్వలేడు గదా.

ఆ రెండవ జబ్బుకు కారణాన్ని రికార్డో తరువాతి సంవత్సరాల్లో తేటపరచాడు. స్పార్కు ప్లగ్గు దగ్గర పుట్టిన జ్వాల సెకనుకు కొన్ని పదుల మీటర్ల వేగంతో సిలిండరు ఆ చివరకు సాగుతుంది. వరికోతల తరువాత పొలంలో గడ్డికి ఒక మూల నిప్పు పెడితే మంట వరుసగా పోయినట్లన్నమాట. జ్వాల వెనుక కాలిన వాయువు వ్యాకోచించి, ముందున్న కాలని వాయువును గోడకేసి అదుముతుంది. అదిమిన కొద్దీ అది వేడెక్కుతుంది. జ్వాల చేరేలోగా ఆ చివరి వాయువు భరించలేనంత వేడెక్కితే ఎవరూ అంటించకుండానే ఒక్కుమ్మడిగా భగ్గుమంటుంది. అప్పుడు పుట్టిన పీడన తరంగం సిలిండరు గోడల మధ్య కొట్టుకుంటూ ఇనుమును మోగిస్తుంది. మనకు వినిపించే టంగుమన్న చప్పుడు ఆ మోతయే. పిస్టను మీద సహజంగా రక్షణగా ఉండే పలుచని వాయుపొర ఆ తాకిడికి చెదిరిపోతుంది. వేడి నేరుగా లోహంలోకి దిగుతుంది. చప్పుడు బాధించదు, ఈ వేడి చంపుతుంది.

కేంబ్రిడ్జి విడిచాక రికార్డో తాతగారి ఇంజనీరింగు సంస్థలో చేరాడు. ఉద్యోగం వంతెనలు, రేవుల లెక్కలు. మనస్సు మాత్రం ఇంజను మీద. 1911లో చిత్రకళ అభ్యసించిన బియాట్రిస్ హేల్‌ను వివాహమాడాడు. వారికి ముగ్గురు కుమార్తెలు.

1914లో ప్రపంచయుద్ధం వచ్చింది. బ్రిటిషు సైన్యం 1916లో యుద్ధరంగంలో దింపిన టాంకుల ఇంజన్లు 105 అశ్వశక్తివి. అవి విపరీతంగా పొగ వదిలేవి. దాగి ఉండవలసిన టాంకు ఉన్న చోటును పొగే శత్రువుకు చెప్పేది. పొగ రాని, ఎక్కువ బలం గల ఇంజను కావాలన్నారు. మంచి పెట్రోలు విమానాలకు పోగా మిగిలిన నాసిరకం చమురుతోనే అది నడవాలి. నాసిరకం చమురు అంటే నాకింగ్‌కు పిలుపే. రికార్డో 150 అశ్వశక్తి ఇంజను రూపొందించాడు. సంపీడన నిష్పత్తిని తక్కువలో ఉంచి, పిస్టను నిర్మాణం మార్చి నూనె పైకెక్కి కాలకుండా చేశాడు. 1917 నుంచి ఆ ఇంజన్లు వేల సంఖ్యలో తయారయ్యాయి. వాటివల్ల వచ్చిన రాబడితోనే యుద్ధానంతరం ఇంగ్లండు దక్షిణ తీరాన షోరమ్‌లో పరిశోధనశాల స్థాపించుకున్నాడు.

యుద్ధం చివరి దినాల్లో జరిగిన సంగతి మాకు ఈ చరిత్ర మొత్తంలో మిక్కిలి ఇష్టమైనది. ఆనాడు పెట్రోలు మంచిచెడ్డలను నిర్ణయించే పరికరం హైడ్రోమీటరు. పాలలో నీళ్ళు చూచినట్లే దానిని పెట్రోలులో వేసేవారు. ఎంత తేలికయితే అంత మేలైన పెట్రోలని లోకమంతా నమ్మింది. షెల్ చమురు సంస్థ పరీక్షకోసం రికార్డోకు పంపిన నమూనాల్లో బోర్నియో ద్వీపపు పెట్రోలు ఒకటి. హైడ్రోమీటరు లెక్కలో అది బరువైనది, కనుక పనికిరానిది. రికార్డో దానిని ఇంజనులో పోసి చూచాడు. మిగిలిన నమూనాలన్నీ నాకింగ్ చేసే చోట అది నిశ్శబ్దంగా నడిచింది. దానిని అంత బరువు చేసిన టోలుయీన్ వంటి పదార్థాలే దానికి ఆ ఓర్పునిచ్చాయి. తీరా విచారిస్తే ఆ చమురును కొనేవారు లేక అక్కడి అడవిలోనే తగులబెడుతున్నారని తేలింది! పరికరం అబద్ధం చెప్పలేదు. బరువు ఎంతో అది సరిగానే చెప్పింది. అడగవలసిన ప్రశ్న అది కాదు.

షెల్ సంస్థ పెద్ద రాబర్ట్ వేలీ కోహెన్ దీని విలువ గ్రహించి చమురుల మీద విస్తృత పరిశోధనకు ధనసాయం చేశాడు. రికార్డోకు తోడుగా హెన్రీ టిజార్డ్, డేవిడ్ పై అనే శాస్త్రజ్ఞులు చేరారు. ఈ టిజార్డే తరువాత రెండవ ప్రపంచయుద్ధంలో రాడార్ వ్యవస్థకు వెన్నుదన్నుగా నిలిచినవాడు. వీరి పనికోసం రికార్డో ఇ-35 అనే ఒంటి సిలిండరు ఇంజను నిర్మించాడు. దాని సొగసంతా ఒక్క ఏర్పాటులో ఉంది. ఇంజను నడుస్తూ ఉండగానే సిలిండరును పైకి, కిందికి జరిపి సంపీడన నిష్పత్తిని కోరినట్లు మార్చవచ్చును. మిగిలినవేవీ కదల్చకుండా ఒక్కదానిని మాత్రమే కదల్చడం, ఇంజను ఏమంటుందో వినడం. ఒక చమురు పోసి నిష్పత్తిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. నాకింగ్ మొదలైన చోట ఆగుతారు. ఆ అంకెయే ఆ చమురు యోగ్యత. ఇన్ని ఏర్పాట్ల చివర నాకింగ్ మొదలయిందని చెప్పింది ఏది? మనిషి చెవి. పెట్రోలు బంకు మీద మనం చూచే ఆక్టేను అంకెకు పూర్వీకురాలయిన ఆ కొలతకు ఆది ప్రమాణం వినేవాని చెవియేనని మరువరాదు. రికార్డో 1922, 1923 సంవత్సరాల్లో వెలువరించిన రెండు సంపుటాల గ్రంథంలో ఈ ఫలితాలు చేరి, తరతరాల ఇంజనీర్లకు పాఠ్యమయ్యాయి.

అదే కాలంలో అట్లాంటిక్ ఆవల అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ మరొక దారి పట్టాడు. 1921 డిసెంబరులో ఆయన సీసం కలిసిన ఒక ద్రవం చిటికెడు కలిపితే చాలు నాకింగ్ అణగిపోతుందని కనుగొన్నాడు. 1924లో ఆ ద్రవం తయారుచేసే ఒక కర్మాగారంలో ఐదుగురు పనివారు విషం సోకి మరణించారు. అయినా ప్రపంచం దానినే వరించింది. భారతదేశమంతటా సీసం లేని పెట్రోలు రావడానికి 2000 ఫిబ్రవరి వరకు, ప్రపంచంలో ఆఖరి దేశమైన అల్జీరియా మానడానికి 2021 వరకు పట్టింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిన బండ్ల పొగ పీల్చి పెరిగిన మా తరం ఆ సీసంలో తన వంతు తాను మ్రింగినదే.

రికార్డో నమ్మినది వేరు. చమురుకు మందు పోయడంకంటె ముందు ఇంజను ఆకారాన్ని సరిచేయాలన్నాడు. జ్వాల పోవలసిన దారి తగ్గించి, లోపలి గాలిని సుడులు తిప్పితే చివరి వాయువు భగ్గుమనేలోపే జ్వాల దానిని చేరుతుంది. ఈ సూత్రంతో ఆయన రూపొందించిన సిలిండరు హెడ్డు చౌక రకపు ఇంజన్లకు ఖరీదైన ఇంజన్ల బలమిచ్చింది. వాస్తుశిల్పి కుమారుడు గదా, గది కట్టడంలోనే గుట్టు ఉందని గ్రహించాడు. ఆల్కహాలుకు నాకింగ్‌ను ఓర్చే గుణం మెండని కూడా ఆయన పరీక్షలు చాటాయి. పందెపు బండ్లకు ఆల్కహాలు ఇంధనం కూర్చాడు. నేడు దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు. ఉయ్యూరు చుట్టుపట్ల చెరకు పండించే రైతులకు మొలాసిస్ వాసన కొత్త కాదు. ఆ వాసనలోనే నాకింగ్‌కు విరుగుడు ఉన్నదని నూరేళ్ళ క్రితమే తేలిందని తెలిస్తే సంతోషిస్తారు.

డీజిలు ఇంజను మీద ఆయన చేసిన కృషి వేరొక వ్యాసానికి తగినది. డీజిలులో చప్పుడు చివర రాదు, మొదటే వస్తుంది. చిమ్మిన చమురు అంటుకోవడంలో ఆలస్యమైతే పోగుపడినదంతా ఒక్కసారిగా మండడం దానికి కారణం. కొల్లేటి చెరువుల గట్ల మీద ఆయిలింజను చేసే డుగుడుగులో వినిపించేది అదే. 1931లో ఆయన తీసుకువచ్చిన కామెట్ అనే సుడిగది లండను నగరపు బస్సుల్లో ప్రవేశించి ఆ మోతను చాలావరకు మెత్తబరచింది.

1929లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1944లో ఆ సంస్థవారి రంఫర్డ్ పతకం, 1948లో సర్ బిరుదు ఆయనను వరించాయి. 1968లో స్వీయచరిత్ర ప్రచురించాడు. 1974 మే 18న, ఎనభై తొమ్మిదవ ఏట, సస్సెక్స్‌లోని గ్రాఫమ్ గ్రామంలో కన్నుమూశాడు. పడి కాలు విరిగి మంచాన పడిన కొద్ది వారాలకే ఆ మరణం.

ఆయన పోయిన కొద్ది సంవత్సరాలకు, 1970ల చివర, కార్లలో నాకింగ్ సెన్సరు ప్రవేశించింది. అది ఒక స్ఫటికం. అదురు తగిలితే విద్యుత్తు పుట్టిస్తుంది. బ్లాకుకు ఒక బోల్టుతో బిగిస్తారు. సాధారణ కారు సిలిండరులో నాకింగ్ మోత సెకనుకు 6, 7 వేల కంపనాలు. ఆ స్వరానికే చెవి యొగ్గమని దానికి శ్రుతి చేసి ఉంచుతారు. మోత వినగానే కంప్యూటరు స్పార్కును కొంచెం ఆలస్యం చేస్తుంది. మంచి సేవకుడే. కాని దాని బలహీనతలు ఉస్తాద్‌లకు తెలియాలి. దాని కింద తుప్పో, రంగో, అదనపు వాషరో ఉంటే, బిగింపు తప్పితే అది సగం చెవిటిది. బోరు పట్టి పెద్ద పిస్టను వేస్తే మోత స్వరమే దిగుతుంది; సెన్సరు పాత స్వరం కోసమే వింటుంది. వేగం హెచ్చినప్పుడు వాల్వుల చప్పుడు, పిస్టను ఒరుసుకునే చప్పుడు నాకింగ్‌ను కప్పివేస్తాయి. అన్నింటికంటె మోసకరమైనది మరొకటి: కంప్యూటరు ఎప్పుడూ ఉండే సద్దును సాధారణమని నేర్చుకుని, దానికి మించినదానినే దోషంగా పట్టుకుంటుంది. టైమింగ్ మరీ ముందుకు జరిపి ట్యూనింగు చేసిన ఇంజను ప్రతి దెబ్బకూ నాకింగ్ చేస్తూ ఉంటే ఆ నాకింగే సాధారణమై కూర్చుంటుంది! స్పార్కుకు ముందే అంటుకునే మొదటి జబ్బుకు, హాప్కిన్సన్ వేరుచేసిన ఆ జబ్బుకు, స్పార్కు ఆలస్యం చేయడం మందే కాదు. చిన్న టర్బో ఇంజన్లలో అది ఒక్క దెబ్బకే పిస్టను పగులగొట్టగలదు.

అందుచేత ల్యాప్‌టాప్ తెర మీద గీత నిశ్చలంగా ఉన్నా అనుమానం తీరనప్పుడు చేయవలసినది ఇ-35 దగ్గర రికార్డో చేసినదే. మిగిలినవన్నీ అలాగే ఉంచి ఒక్కదానిని కదల్చాలి. పై గేరులో, తక్కువ వేగంలో, బరువు మీద నడుపుతూ టైమింగ్‌ను రెండు మూడు డిగ్రీలు వెనక్కి తీస్తే చప్పుడు పోయిందా, అది నాకింగ్. పోకపోతే బేరింగునో, పిస్టను పిన్నునో అనుమానించాలి. ఆక్టేను ఎక్కువగల పెట్రోలు పోసి మళ్ళీ వినాలి. సన్నని రాగి గొట్టం కొన చదునుచేసి బ్లాకుకు బిగించి, రెండవ కొనకు రబ్బరు గొట్టం తొడిగి చెవిదాకా తెచ్చుకుంటే స్క్రూడ్రైవరుకంటె తేటగా వినిపిస్తుంది. బండి నడుస్తుండగా కూడా వినవచ్చును. ఆపైన ప్లగ్గులు విప్పి, తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్లు నల్లని చుక్కలు, వాటి నడుమ తళుకుమనే అల్యూమినియం రేణువులు ఉన్నాయేమో భూతద్దంతో చూడాలి. ఆ తళుకు పిస్టనుది. అది కనిపించిన తరువాత సెన్సరు ఏమి చెప్పినా హెడ్డు విప్పవలసిందే.